నాలుగు హద్దుల నడుమ మన పేట

రాజులకు శాసనములు కలవు. దేవాలయములకు స్థలపురాణములు కలవు. సామాన్యులు కాపురముండిన ఒక పేటకు చరిత్ర వ్రాయబూనిన వారికి ఆధారము లెచ్చట దొరకును? ఈ ప్రశ్న చాలకాలముగా మా మనసున నున్నది. కోవిల్‌పట్టి రైలుస్టేషనుకు చేరువ నున్న మా పేటలో నాలుగు తరములుగా తెలుగు కుటుంబములు నివసించుచున్నవి. ఆ పేట ఎప్పు డేర్పడినది, ఎవరెవరు వచ్చి చేరిరి, ఏ వృత్తులు పోయి ఏ వృత్తులు వచ్చినవి అని అడిగినచో, ఒక పెద్ద చెప్పినట్లు మరియొక పెద్ద చెప్పరు. అందుచే మేము కొందరము కలిసి కాగితముల నాశ్రయింపవలెనని నిశ్చయించుకొంటిమి. వీలు చిక్కినప్పుడెల్ల కోవిల్‌పట్టిలోను, విరుదునగరములోను, చెన్నపట్టణములోను తిరిగి చూచిన దానిలో, మన కుటుంబములవారికి పనికివచ్చునని తోచిన సంగతులను ఇచ్చట మనవి చేయుచున్నాము.

మన పూర్వులు తెలుగుదేశము విడిచి వచ్చిన కథ మన యిండ్లలో ఎరుగనివారు లేరు. ఒక ప్రభువు తమ యింటి కన్యను బలవంతముగా కోరగా, రాత్రికి రాత్రి బయలుదేరి, ఏరులు దాటి, నల్లరేగడి నేల కనబడువరకు నడచివచ్చిరని అవ్వలు చెప్పుదురు. కోవిల్‌పట్టికి సమీపమున నున్న ఇడైసెవల్ గ్రామమున తెలుగు కుటుంబమున పుట్టిన కి. రాజనారాయణన్ గారు ఇట్టి కథలను ఏరికూర్చి, 1976లో ‘గోపల్ల గ్రామం’ అను తమిళ నవలగా వెలువరించిరి. దాని తరువాయి భాగమైన ‘గోపల్లపురత్తు మక్కళ్’ అను గ్రంథమునకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. వారు 2021లో కీర్తిశేషులైరి. మనము నోటితో చెప్పుకొను కథ పుస్తకమునకు ఎక్కుట మన అదృష్టము.

అయినను ఆ కథ పల్లెతో ఆగిపోవును. నల్లరేగడి పల్లెలనుండి పట్టణపు పేటకు వచ్చుట మన రెండవ వలస. దానిని గూర్చి అవ్వలు కథలు చెప్పలేదు, పాటలు కట్టలేదు. బండి కట్టుకొని ఏడెనిమిది మైళ్లు వచ్చుటలో కథ ఏమున్నదని కాబోలు తలచిరి. మొదటి వలసను కథ కాపాడినది. రెండవదానిని కాగితము కాపాడిననే నిలుచును. మేము వెదకినది ఈ రెండవ వలస జాడ.

ఆ జాడకు మొదటి గుర్తు రైలుదారి. మధుర నుండి తూత్తుకుడికి పోవు రైలుమార్గము 1876లో తెరవబడినది. విరుదునగరము, సాత్తూరు, కోవిల్‌పట్టి ఈ మార్గముననే యున్నవి. అంతకు ముందు ఈ ప్రాంతపు ప్రత్తి ఎద్దుబండ్లమీద తూత్తుకుడి రేవునకు పోయెడిది. రైలు వచ్చిన పిమ్మట ప్రత్తి నిలువచేయు దొడ్లు, గింజ తీయు యంత్రములు, బేళ్లు కట్టు కార్ఖానాలు స్టేషనుల చుట్టును వెలసినవి. 1901లో ప్రభుత్వమువారు కోవిల్‌పట్టిలో వ్యవసాయ పరిశోధన క్షేత్రమును నెలకొల్పి, కరుంగణ్ణి జాతి ప్రత్తిమీద పరిశోధనలు చేయించిరి. 1920వ దశకమున శివకాశిలో మొదలైన అగ్గిపెట్టెల పరిశ్రమ సాత్తూరు, కోవిల్‌పట్టి ప్రాంతములకు వ్యాపించినది. 1964లో కోవిల్‌పట్టి పురపాలక సంఘమైనది. ఈ ఊరి వేరుసెనగ మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు దొరకినది. ఇవి పట్టణమునకు సంబంధించిన పెద్ద గుర్తులు. స్టూవర్టు 1879లో ప్రకటించిన తిరునెల్వేలి మాన్యువలును, పేట్ 1917లో ప్రకటించిన గెజిటీరును చదివినవారికి ఈ ప్రాంతపు పూర్వస్థితి కొంత తెలియును. కాని ఆ గ్రంథములలో తాలూకాలు కలవు, పట్టణములు కలవు. మా వీధి లేదు.

వీధిని వెదకబోవువాడు మొదట తెలిసికొనవలసినది, ఊరు కదలకున్నను జిల్లాలు కదలుచుండునని. విరుదునగరమునే చూడుడు. పూర్వము అది విరుదుపట్టి యను పేర తిరునెల్వేలి జిల్లా సాత్తూరు తాలూకాలో నుండెడిది. 1910లో రామనాథపురము జిల్లా ఏర్పడినప్పుడు అందు చేరినది. ఆ జిల్లా కలెక్టరు కచేరీ బహుకాలము మధురలోనే నడచినది. 1923లో ఊరిపేరు విరుదునగరముగా మారినది. 1985లో అది ప్రత్యేక జిల్లాకు ముఖ్యపట్టణమైనది. కోవిల్‌పట్టియో, 1986వరకు తిరునెల్వేలి జిల్లాలో నుండి, పిమ్మట తూత్తుకుడి ముఖ్యపట్టణముగా ఏర్పడిన జిల్లాలోనికి వచ్చినది. రాష్ట్రము పేరు సైతము 1969లో మారినది. ఆ మార్పును కోరి శంకరలింగనార్ గారు నిరశన పూని 1956లో ప్రాణములు విడిచినది ఈ విరుదునగరపు సత్యాగ్రహముననే. కాబట్టి 1905వ సంవత్సరపు విరుదునగరపు కాగితము కావలెనన్నచో, విరుదుపట్టి యను పేర తిరునెల్వేలి జిల్లా దస్తరములలో వెదకవలెను. ఈ చిన్న సంగతి తెలియక ‘కాగితములు లేవు’ అని తిరిగివచ్చినవారు పెక్కురు కలరు.

చెన్నపట్టణమున ఎగ్మూరులో ప్రభుత్వ దస్తావేజుల భాండాగారము కలదు. 1909లో మద్రాసు రికార్డు ఆఫీసుగా ఆరంభమైన ఈ సంస్థలో కలెక్టర్లు రెవిన్యూ బోర్డుకు వ్రాసిన లేఖలు, ఇనాము దస్తరములు, సెటిల్‌మెంటు కాగితములు భద్రపరచబడియున్నవి. మన ప్రాంతమున అనేక గ్రామములు ఎట్టయపురము జమీనుకు చెందినవగుటచే, 1948వ సంవత్సరపు ఎస్టేటుల రద్దు చట్టమును అనుసరించి జరిగిన సర్వేలు మనకు మిక్కిలి ముఖ్యములు. ఏ పొలము ఎవరి స్వాధీనమున నుండెనో ఆ పట్టికలు తెలుపును. తాతలు ఏ పల్లెనుండి వచ్చిరో ఎరిగిన కుటుంబము, ఆ పల్లె పట్టికను చూచినచో భూమి ఎప్పుడు చేయిమారినదో గ్రహింపవచ్చును. అనేక కుటుంబముల విషయమున భూమి చేయిమారిన కాలమే పట్నవాసము మొదలైన కాలము.

ఇక పేటలోని యిండ్ల సంగతి రిజిస్ట్రారు కచేరీలో తేలును. స్థిరాస్తుల దస్తావేజులను ఒకటవ నంబరు పుస్తకమున ఎక్కింతురు. దానికి రెండు సూచికలు కలవు. మొదటి సూచిక మనుష్యుల పేరులను బట్టియు, రెండవది ఆస్తి యున్న స్థలమును బట్టియు నడచును. నిర్ణీతమైన రుసుము చెల్లించిన వారెవరైనను వీనిని చూడవచ్చునని చట్టమే చెప్పుచున్నది. ఇటీవలి దశాబ్దముల వివరములు కంప్యూటరులో దొరకును. అంతకు ముందరివి చేతివ్రాత సంపుటములలోనే యున్నవి. తన యింటిని గూర్చి తెలిసికొనవలెనన్నచో మొదటి సూచిక చాలును. పేటను గూర్చి తెలిసికొనవలెనన్నచో రెండవ సూచికనే పట్టుకొనవలెను.

దస్తావేజున అందరును చదువునది ధర, విస్తీర్ణము. మాకు అంతకన్న విలువైనవిగా తోచినవి చెక్కుబందీలు, అనగా ఇంటికి నాలుగు వైపుల హద్దులు. మా పూర్వుల యింటి దస్తావేజున తూర్పున బండ్ల సందు, దక్షిణమున రైలడికి పోవు దారి, పడమట ప్రత్తిదొడ్డి, ఉత్తరమున గానుగవాని యిల్లు అని కలదు. ఆ గానుగవానికి దస్తావేజు ఏదియు మాకు దొరకలేదు. అతడు బాడుగకుండెనో, నోటిమాటతోనే కొనెనో తెలియదు. మా కాగితమున హద్దుగా నిలుచుటవలననే అతడు చరిత్రకు దక్కినాడు. తరువాతి తరమువారి దస్తావేజున పడమటి ప్రత్తిదొడ్డి స్థానమున అగ్గిపుల్లల కొట్టు వచ్చినది. బండ్ల సందు మునిసిపలు వీధియైనది. ఉత్తరమున గానుగ పోయి మిద్దెయిల్లు వచ్చినది. మూడవ దస్తావేజున అగ్గిపుల్లల కొట్టును పోయి ఒక వస్తువుల గిడ్డంగి నిలిచినది. ఒక యింటి హద్దులను మూడు తరములు వరుసగా చదివినచో, చుట్టునున్న నాలుగిండ్ల చరిత్ర తెలియును. పది యిండ్ల హద్దులను చేర్చి చూచినచో వీధి యంతయు పటముగా ఏర్పడును.

రిజిస్టరు కాని చీటులలో ఇంగ్లీషు తేదీ ఉండక, సంవత్సరము పేరుమాత్ర ముండుట కలదు. అరువది యేండ్ల కొకసారి ఆ పేరే తిరిగి వచ్చును గనుక సందేహము కలుగును. మాకు దొరకిన ఒక అద్దెచీటిలో ‘ప్రభవ’ అని మాత్రమే యున్నది. ప్రభవ 1867లోను, 1927లోను, 1987లోను వచ్చినది. చీటిలో రైలడి ప్రస్తావన కలదు. 1867లో ఇచ్చట రైలు లేదు. అద్దె రూపాయి అణాలలో వ్రాయబడినది. 1957లో నయాపైసలు వచ్చిన పిమ్మట అణాలు వాడుకనుండి తొలగినవి. కాబట్టి ఆ చీటి 1927వ సంవత్సరపుదని తేలినది. తెలుగువారి సంవత్సరము ఉగాదితోను, తమిళుల సంవత్సరము చిత్తిరై మొదటి తేదీతోను ఆరంభమగుటచే, నడుమ కొన్ని దినములు రెండు లెక్కలకును పేరు కలియదని కూడ జ్ఞాపక ముంచుకొనవలెను.

పురపాలక సంఘమువారి యింటిపన్ను పుస్తకములు మరియొక ఆధారము. అందు ఇండ్లు వీధి వరుసను ఉండుటచే, పుట త్రిప్పుచుండగా వీధిలో నడచుచున్నట్లే యుండును. ఏది నివాసము, ఏది అంగడి, ఏది కొట్టు అను వివరములు తెలియును. విరుదునగరము 1915లోనే పురపాలక సంఘమైనందున, అచ్చటి లెక్క కోవిల్‌పట్టి లెక్కకన్న అర్ధశతాబ్దము ముందుగా మొదలగును. ఇంటి నంబరులు పలుమారులు మారినవి గనుక పాతదానికి క్రొత్తదానికి జత కుదుర్చుకొని చదువవలెను.

అయితే ఈ పుస్తకములు చెప్పనివి కూడ కలవు. అందు సొంతదారుని పేరుండును గాని అతడు ఇంట ఏ భాష మాట్లాడునో ఉండదు. నాయుడు, రెడ్డియారు అన్నచో మన వారని తోచును. చెట్టియారు, నాయకరు అన్నచో తమిళులును కావచ్చును, తెలుగువారును కావచ్చును. బిరుదును చూచి జనమును లెక్కించుట సరికాదు. అంతకన్న ముఖ్యమైన లోపము వేరొకటి కలదు. ఇల్లు లేనివానికి ఇంటిపన్ను లేదు, పన్ను లేనివానికి పుస్తకమున పేరు లేదు. మన వీధులను ఊడ్చి, మన చెప్పులు కుట్టి, ఇంట తెలుగే మాట్లాడుకొను అరుంధతీయుల కుటుంబములు ఈ ప్రాంతమున ఎన్నియో యున్నవి. మేము చూచిన పన్ను పుస్తకములలో వారి జాడ కానరాదు. జీతముల పట్టికలు, పాఠశాలల చేరిక పుస్తకములు వంటివానిలో వెదకవలసియుండును. మన సంఘముల సంచికలలోను వారి ప్రస్తావన మిక్కిలి అరుదు. ‘తెలుగు పేట’ అని చరిత్ర వ్రాయుచు, ఆ పేటలో తెలుగు మాట్లాడిన వారిలో సగముమందిని విడిచిపెట్టినచో దానిని చరిత్ర యనుట తగునా?

విరుదునగరమున మాకు మరియొక పాఠము దొరకినది. మిరప, పప్పుధాన్యములు, నూనె మొదలగు సరకుల బేరమునకు ఆ ఊరు పేరుపడినదని అందరు నెరుగుదురు. అచ్చటి నాడారు వర్తకులు తమ సరకుమీద ‘మహిమై’ యను చిన్న మొత్తమును వసూలుచేసి, ఉమ్మడి నిధిగా కూర్చి, దేవాలయమును, పాఠశాలను, బావులను పోషించుకొనిరి. కామరాజు గారు చదివిన క్షత్రియ విద్యాశాల ఇట్టి ఉమ్మడి నిధితో నడచినదే. ఉమ్మడి సొమ్మునకు లెక్క వ్రాయవలెను. వ్రాసిన లెక్కను దాచవలెను. అమెరికా దేశపు విద్వాంసుడు హార్డ్‌గ్రేవ్ 1969లో నాడారుల చరిత్రను గూర్చి పెద్ద గ్రంథము ప్రకటించినప్పుడు, అచ్చటి సంఘముల వ్యవహారములు అందు విపులముగా చోటుచేసికొన్నవి. అణా అణాకు లెక్క వ్రాసి దాచుకొన్నవారికి చరిత్ర దక్కినది. మన తెలుగు కుటుంబములలోను లెక్క వ్రాసినవారు తక్కువవారు కారు. మన లెక్కలు ఇంటింట పెట్టెలలో విడివిడిగా ఉండిపోయినవి, అంతే భేదము.

ఆ పెట్టెలను తెరచి చూడగా మాకు కలిగిన ఆనందము ఇంతయని చెప్పజాలము. చిట్టాలు, ఆవర్జాలు, పెండ్లి శుభలేఖలు, పల్లెనుండి వచ్చిన ఉత్తరములు, వైద్యపు చీటులు. అందు కొన్ని తమిళమున, కొన్ని తెలుగున, కొన్ని తెలుగు మాట తమిళ లిపిలో. తెలుగంకెలతో వ్రాసిన పద్దులు, వీసము, పరక అని గుర్తులు కల లెక్కలు కూడ కలవు. ఈ నేలపై తెలుగు లిపి అపురూపమై యుండెనని తలచువారు ఒక్క సంగతి జ్ఞాపకము చేసికొనవలెను. సుబ్బరామ దీక్షితుల వారి ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో తెలుగు లిపిలో అచ్చయినది, కోవిల్‌పట్టికి సమీపమున నున్న ఎట్టయపురముననే. అంతటి ఉద్గ్రంథమును కూర్చుటకు చాలిన తెలుగు అక్షరములు ఆనాడు ఆ చిన్న ఊరి ముద్రాశాలలో నుండినవి.

పెట్టెలలో మాకు అన్నిటికన్న ఎక్కువ సంగతులు చెప్పినవి చదివింపుల పుస్తకములు. పెండ్లిలో ఎవరెవరు ఎంతెంత చదివించిరో వ్రాసియుంచు ఈ పుస్తకములను మన ఆడువారు నగలతో సమానముగా దాచుదురు. తిరిగి పెట్టవలసిన ఋణము గదా! మా పేటలో ఒక యింటివారు మూడు తరముల పుస్తకములను మాకు చూపిరి. మొదటి తరమున పేరులు దాదాపు అన్నియు పల్లెలవి. ప్రతి పేరునకు ముందు ఊరిపేరున్నది. రెండవ తరమున పల్లెల పేరులు తగ్గి, నాడారు వర్తకుని పేరు, రావుత్తరు అత్తరు వ్యాపారి పేరు, తమిళ పంతులు పేరు, రైలు ఉద్యోగి పేరు వచ్చినవి. మూడవ తరమున చెన్నపట్టణము, కోయంబత్తూరు, బెంగుళూరు, సింగపూరు అని ఊళ్లు మరల పేరులకు ముందు నిలిచినవి. పల్లెజనము పేటజనమై, పేటజనము లోకమున చెదరిన విధమంతయు ఆ మూడు పుస్తకములలో నున్నది. రిజిస్ట్రారు పుస్తకము గోడ ఎవరిదో చెప్పినది. ఆ గుమ్మము ఎవరు తొక్కిరో చదివింపుల పుస్తకము చెప్పినది.

‘మన పేట ఒకప్పుడు అంతయు తెలుగే’ అని పెద్దలు అభిమానముతో చెప్పుట కలదు. మేము చూచిన కాగితములలో అట్టి కాలము ఏదియు కనబడలేదు. మొదటి దస్తావేజునుండియు హద్దులలో పరభాషవా రున్నారు; రెండవ తరపు పెండ్లినుండియు చదివింపులలో పరమతస్థు లున్నారు. దీనివలన మన గౌరవమునకు లోటు ఏమియు లేదు. ఇరుగుపొరుగుల నడుమ నాలుగు తరములు కలసి బ్రతికి, ఇంట తెలుగును నిలుపుకొంటిమనుట, వేరుగా ఉండి నిలుపుకొంటిమనుటకన్న గొప్ప మాట.

కాని ఆ కాగితముల ఆయువు తీరవచ్చినదని చెప్పక తప్పదు. తాతగారి యిల్లు అమ్మునప్పుడు పిల్లలు నలుగురును నాలుగు ఊళ్లనుండి వత్తురు. పాత్రలు పంచుకొందురు, పటములు పంచుకొందురు. పెట్టెలోని కాగితములను ఎవరును అడుగరు. అవి తూకమున పోవును. మా పేటలో ఒక యింటినుండి ఇట్లు పోయిన చిట్టాల కట్టను గూర్చి వినిననాడు ఒక మిత్రుడు పాతకాగితముల అంగడికి పరుగెత్తెను. అప్పటికే పొట్లములకై చింపబడినవి. పిల్లలను తప్పుపట్టి ప్రయోజనము లేదు. అందేమున్నదో చదువనేరనివారు ఎట్లు దాచుదురు? 2006వ సంవత్సరపు చట్టముతో పాఠశాలలలో తమిళము తప్పనిసరి యైన పిమ్మట, తెలుగును బడిలో నేర్చుకొనువారు మునుపటికన్న తగ్గిరి. తమిళము మన పిల్లలకు అన్నము పెట్టు భాష. అది బాగుగా నేర్వవలసినదే. అయినను ఇంట మాట్లాడు తెలుగు పలుకు మిగిలి, లిపి పోయినచో, మన రెండవ వలసకు సాక్ష్యమిచ్చు కాగితములు ఇంటిలోనే ఉండియు మూగవగును.

ఇందుకు చేయవలసిన పని అలవికానిదేమియు కాదు. పుదుక్కోట్ట ప్రాంతమునకు చేరువ నున్న కోట్టయూరులో రోజా ముత్తయ్య చెట్టియారు గారు ఒక్క చేతిమీద కూర్చిన పుస్తకములు, కాగితములు నేడు చెన్నపట్టణమున పరిశోధన గ్రంథాలయమై లోకమున కంతటికిని ఉపయోగపడుచున్నవి. ఒక్కడు చేయగలిగిన దానిలో పదియవ వంతు ఒక సంఘము చేయలేదా? ప్రతి కుటుంబమును మూడు పనులు చేయుట చాలును. మొదటిది, ఇంటి దస్తావేజులలోని నాలుగు హద్దులను తేదీతో సహా వేరు కాగితమున వ్రాసి సంఘమునకు ఇచ్చుట. రెండవది, చదివింపుల పుస్తకములను, చిట్టాలను, ఉత్తరములను ఫోటో తీయించి, అసలును ఇంటనే భద్రపరచుకొనుట; అప్పుల వివరములు, కుటుంబ రహస్యములు ఉన్న పుటలను విడిచిపెట్టు స్వేచ్ఛ ఇంటివారిదే. మూడవది, ఇంటిలో తెలుగు లిపి చదువగల పెద్ద యున్నంతలోనే ఒక మనుమనినో మనుమరాలినో ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఒక చిట్టా పుటను బిగ్గరగా చదివించుట. అక్షరములు దానితోనే కొంత వచ్చును.

మా పేటలో ఇంతవరకు పదునొకండు ఇండ్ల హద్దులు చేరినవి. వానిని పెద్ద కాగితముపై పటముగా గీయుచున్నాము. నడుమ నడుమ ఖాళీ గడులు ఎన్నియో యున్నవి. ఆ గడులలో ఎవరు కాపురముండిరో తెలియుటకు వారి ఇరుగుపొరుగుల పెట్టెలు తెరువవలెను. ఉత్తరపు హద్దున నిలిచిన గానుగవాని పేరు కూడ ఏదో ఒక పెండ్లి పుస్తకమున దొరకకపోదు.